లీగే కదా!

లిమరిక్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనర్ని పేరు పెట్టి పిలవడం నాకు చివరిదాకా అలవాటు కాలేదు. ఆయనకి డెబ్బై దాటాయి. వీధిలో ఐదేళ్ల పిల్లాడు కూడా ఆయన్ని పేరుతోనే పిలుస్తాడు, అక్కడ అదే మర్యాద. నాకు నోరు వచ్చేది కాదు. ఎదురుపడితే గొంతు సవరించుకుని మాట మొదలుపెట్టేవాణ్ని. ఖమ్మం ఫోన్ చేసినప్పుడు అమ్మతో ‘మా పెద్దాయన’ అనేవాణ్ని. ఇక్కడ కూడా పెద్దాయనే అంటాను.

2015 సెప్టెంబర్‌లో మాస్టర్స్ కోసం ఐర్లండ్ వెళ్లాను. గది దొరికింది ఎన్నిస్ రోడ్డు పక్క సందులో, గేలిక్ గ్రౌండ్స్‌కి పది నిమిషాల నడక. అదేం గ్రౌండో, అందులో ఏం ఆడతారో నాకు తెలియదు. రోజూ దాని పక్క నుంచే బస్సులో పోయేవాణ్ని. నలభై వేల మందికి పైగా పట్టే స్టేడియం, నేను చూసిన ఆ నాలుగు నెలలూ ఖాళీగానే ఉంది. ఇంత చిన్న ఊళ్లో ఇంత పెద్ద స్టేడియం ఎందుకు కట్టుకున్నారో అనుకునేవాణ్ని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున లేచి చూస్తే సందు నిండా కార్లు. ఆకుపచ్చ టోపీలు, ఆకుపచ్చ మఫ్లర్లు. కార్ల డిక్కీలు ఎత్తి, వాటి మీదే ఫ్లాస్కులు పెట్టుకుని టీ తాగుతున్నారు. పెద్దాయన మెట్ల కింద నిలబడి అరిచాడు. "వస్తావా? హర్లింగ్ లీగ్ మ్యాచ్. పెద్ద విశేషమేం కాదులే, లీగే కదా."

ఆ ‘లీగే కదా’ నేను మొదటిసారి విన్నది అప్పుడే.

హర్లింగ్ చూడని వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే కష్టం. ఆడే కర్రని హర్లీ అంటారు. హాకీ కర్ర లాంటిదే, కాకపోతే చివర ఇంకా వెడల్పుగా, అరచేయి చాపినట్టు ఉంటుంది. దాంతో బంతిని నేల మీద కొట్టొచ్చు, గాల్లో కొట్టొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, కర్ర చివర బంతిని నిలబెట్టుకుని పరిగెత్తొచ్చు. బంతి పేరు స్లిటర్. తోలు బంతి, కుట్లు పైకి లేచి ఉంటాయి. మనం చిన్నప్పుడు చిర్రగోనె ఆడేవాళ్లం కదా, చిర్రని గాల్లోకి లేపి గోనెతో ఒక్కటిస్తే ఎటు పోయిందో వెతుక్కునేవాళ్లం. ఆ ఒక్క క్షణాన్ని డెబ్బై నిమిషాలు సాగదీసి, జట్టుకి పదిహేను మందిని పెట్టి, అందరికీ తలా ఒక కర్ర ఇస్తే ఎలా ఉంటుందో అదీ హర్లింగ్. 2010 నుంచి హెల్మెట్ తప్పనిసరి చేశారట. అంతకుముందు చాలామంది ఉత్త తలలతోనే ఆడేవారంటే నమ్మలేదు నేను.

ఆ రోజు చలి నాకు ఇప్పటికీ ఎముకల్లో ఉంది. వాన కాదు, మంచు కాదు, షానన్ నది మీద నుంచి వచ్చే ఒక తడి గాలి. కాంక్రీటు మెట్ల మీద నిలబడ్డాం. మైదానం బురద. బంతి పడ్డ చోటే చచ్చినట్టు ఆగిపోతోంది. నా చేతులు జేబుల్లోంచి బయటికి రావడం లేదు. పెద్దాయన కోటు జేబులోంచి రేకు కాగితంలో చుట్టిన శాండ్‌విచ్ తీసి సగం తుంపి ఇచ్చాడు. హామ్. నేను పంది మాంసం తినను అని ఎలా చెప్పాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఐదు నిమిషాల తర్వాత ఆయనే తిరిగి తీసుకుని తిన్నాడు, ఏమీ అనలేదు. తర్వాతి మ్యాచ్ నుంచి నాకు వేరుగా కోడిగుడ్డు శాండ్‌విచ్ వచ్చేది.

స్కోరుబోర్డు మీద ఒక పక్క 1-9, ఇంకో పక్క 0-12. మనవాళ్లది 1-9. "గెలుస్తున్నాం కదా, మనకి ఒక గోల్ ఉంది, వాళ్లకి సున్నా" అన్నాను తెలివిగా. ఆయన నా వైపు జాలిగా చూశాడు. గోల్ పోస్టులు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కింద నుంచి వలలోకి పోతే గోల్, అంటే మూడు పాయింట్లు. పైనుంచి రెండు నిలువు కర్రల మధ్యగా పోతే ఒక పాయింటు. గీత ముందు గోల్స్, తర్వాత పాయింట్లు. అంటే 1-9 కూడా పన్నెండే, 0-12 కూడా పన్నెండే. స్కోరు సమానం! పోస్టుల పక్కన తెల్లకోట్లు వేసుకున్న అంపైర్లు నిలబడతారు, అచ్చం మన సర్కారు దవాఖానా కాంపౌండర్లలా. గోల్ అయితే ఆకుపచ్చ జెండా, పాయింటు అయితే తెల్ల జెండా ఊపుతారు. నాకు లెక్క అర్థమయ్యేసరికి మ్యాచ్ అయిపోయింది. ఓడిపోయాం.

"పోన్లే, లీగే కదా" అన్నాడు పెద్దాయన.

ఇంటికి నడుస్తూ అడిగాను, లీగ్ అయితే ఏంటి అని. నేను అర్థం చేసుకున్నది ఇదీ: అక్కడ హర్లింగ్‌కి రెండు పెద్ద పోటీలు, ఆడేవి కౌంటీల జట్లు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. శీతాకాలం చివర్లో లీగ్, ఎండలొచ్చాక ఛాంపియన్‌షిప్. మన స్కూలు భాషలో చెప్పాలంటే లీగ్ హాఫ్ ఇయర్లీ, ఛాంపియన్‌షిప్ యాన్యువల్. హాఫ్ ఇయర్లీలో ఫస్ట్ వచ్చినవాణ్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మేనేజర్లు కూడా లీగ్‌లో కొత్త కుర్రాళ్లని దింపి చూస్తారు, ఓడితే "ప్రయోగాలు చేస్తున్నాం" అంటారు. గెలిస్తే మాత్రం ప్రయోగం అనరు.

అలాగని లీగ్ నిన్న మొన్న పుట్టింది కాదు. 1925-26లో మొదలైంది, మొదటి కప్పు కార్క్ వాళ్లది. మొన్నమొన్నటి దాకా, అంటే 1990ల దాకా, అక్టోబర్‌లో మొదలై చలికాలమంతా సాగి వసంతంలో ముగిసేదట. అందుకే పాత లీగులన్నిటికీ రెండేసి సంవత్సరాలు రాస్తారు. ఇంకా విచిత్రం, 1960లలో కొన్నేళ్లు న్యూయార్క్ జట్టు కూడా ఇందులో ఉండేది. ఐర్లండ్‌లో జట్లన్నీ తమలో తాము ఆడి ఒక విజేతని తేల్చుకుంటే, ఆ విజేత వలస వెళ్లిన ఐరిష్ వాళ్ల జట్టుతో అసలు ఫైనల్ ఆడాలి. 1964లో టిప్పెరరీ అలాగే అమెరికా వెళ్లి న్యూయార్క్ మీద గెలిచి వచ్చింది. ఊరొదిలి బతుకుతెరువు కోసం పోయినవాళ్లకి ఫైనల్లో ఒక సీటు అట్టేపెట్టి ఉంచడం నాకు భలే నచ్చింది. లండన్ జట్టు ఇప్పటికీ కింది డివిజన్లలో ఆడుతుంది.

పెద్దాయన దగ్గర మాత్రం చరిత్ర అంటే ఒకటే. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదు లీగులు లిమరిక్ గెలిచింది. అప్పటి హీరో మిక్ మాకీ. ఆయన పేరు మీదే గేలిక్ గ్రౌండ్స్‌లో ఒక స్టాండు ఉంది. పెద్దాయన వాళ్ల నాన్న మాకీ ఆట కళ్లారా చూశాడట. ఆ ఐదింటి గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ‘లీగే కదా’ అనేవాడు కాదు, అది నేను గమనించాను.

నేను వెళ్లినప్పుడు లిమరిక్ పరిస్థితి వేరు. పై గ్రూపు 1ఎ, కింది గ్రూపు 1బి, ఒక్కోదాంట్లో ఆరు జట్లు. లిమరిక్ 1బిలో పడి ఉంది. ఎలా పడిందో పెద్దాయన కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. 2010లో మేనేజర్‌తో గొడవై అసలు ఆటగాళ్లు చాలామంది ఆడమన్నారు, కొత్తవాళ్లతో ఆడి అన్నీ ఓడి కిందికి జారారు. మరుసటేడే రెండో డివిజన్ గెలిచారు. ఇక పైకి ఎక్కడమే అనుకుంటుంటే పై డివిజన్‌ని ఎనిమిది జట్ల నుంచి ఆరుకి కుదించారు. గెలిచినవాళ్లు గెలిచిన చోటే ఉండిపోయారు! "పరీక్ష పాసైతే అదే క్లాసులో కూర్చోబెట్టారు" అని నేను అంటే ఆయనకి ఎంత నచ్చిందో, ఆ మాట తన సొంతం చేసుకుని వీధంతా చెప్పాడు.

1బి అంటే రెండో తరగతి అనుకుంటాం కదా. అక్కడుంది తమాషా. అప్పట్లో రెండు గ్రూపుల్లోంచీ నాలుగేసి జట్లు క్వార్టర్ ఫైనల్స్‌కి వెళ్లేవి. అంటే కింది గ్రూపులో ఉన్నవాడు కూడా కప్పు కొట్టొచ్చు. ఊరికే మాటవరసకి కాదు, నిజంగానే కొట్టారు. 2015లో వాటర్‌ఫర్డ్, 2016లో క్లేర్, 2017లో గాల్వే, వరసగా మూడేళ్లు 1బి జట్లే లీగ్ గెలిచాయి. గాల్వేది ఇంకా విడ్డూరం. వాళ్ల గ్రూపులో ఫస్ట్ వచ్చి పైకి వెళ్లింది వెక్స్‌ఫర్డ్. లీగ్ కప్పు గాల్వేకి, ప్రమోషన్ వెక్స్‌ఫర్డ్‌కి. దేశానికి ఛాంపియన్, ఉండేదేమో కింది గ్రూపులో. ఆ సెప్టెంబర్‌లో ఛాంపియన్‌షిప్ కూడా గాల్వేనే గెలిచింది. మా ఫ్యాక్టరీలో మనవాళ్లకి ఇది వివరించబోతే "ఈ రూల్స్ రాసింది మన యూనివర్సిటీ వాళ్లా ఏంటి" అన్నారు.

అప్పటికి నాకు చదువైపోయి ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు మారలేదు. ఫిబ్రవరి, మార్చి ఆదివారాలు మాత్రం లీగ్‌కి రాసిచ్చేశాను. నేను పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్తే పెద్దాయన ‘ఆ పసుపు అన్నం’ అంటూ సగం లాగించేసేవాడు. మిరపకాయ ఒక్కటి కొరికిన రోజు మాత్రం రెండో సగం ఆట చూడలేదు పాపం.

నిజం చెప్పాలంటే నాకు ఛాంపియన్‌షిప్ కన్నా లీగే నచ్చింది. ఎండాకాలం మ్యాచ్‌లకి టికెట్ దొరకదు, దొరికినా ముప్పై వేల మంది మధ్యలో ఎక్కడో ఉంటాం. లీగ్‌లో కంచె పక్కన నిలబడొచ్చు. కర్రా కర్రా తగిలిన చప్పుడు నేరుగా చెవిలో పడుతుంది, వెనకాల చిన్న విరిగిన చప్పుడు కూడా. ఆటగాడు విరిగిన కర్రని పక్కకి విసిరేసి చెయ్యి చాపితే, గీత బయట నుంచి ఒకతను కొత్తది పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. ఆట ఆగదు. విరిగిన ముక్క కోసం పిల్లలు కంచె పక్కన కాచుకుని ఉండేవాళ్లు. మ్యాచ్ అవగానే మైదానంలోకి వదిలేసేవారు. పిల్లలంతా తమ తమ చిన్న హర్లీలతో ఆటగాళ్ల చుట్టూ చేరితే, వాళ్లు బురద మొహాలతో అలాగే నిలబడి కర్రల మీద సంతకాలు పెట్టేవారు. ఒక్కరికీ జీతం లేదు. అందరూ సోమవారం పొద్దున పనికి పోయేవాళ్లే. టీచర్లు, రైతులు, బ్యాంకు ఉద్యోగులు. లిమరిక్ మేనేజర్ జాన్ కైలీ ఒక స్కూలు ప్రిన్సిపాల్. మన ఐపీఎల్ వేలంపాటల గురించి చెప్తే పెద్దాయన ‘మనుషుల్నా? వేలమా?’ అని రెండుసార్లు అడిగాడు.

హర్లీ తయారుచేసే షెడ్డుకి కూడా ఒకసారి తీసుకెళ్లాడు. బూడిదరంగు బెరడుండే యాష్ చెట్టు, దాని మొదలు నాలుగడుగులే పనికొస్తుంది. వేరు వంపు తిరిగే చోట చెక్క గీతలు కూడా వంపు తిరుగుతాయి. ఆ గీత వెంబడే కోస్తేనే కర్ర చివర వెడల్పు భాగం విరగదు. రంపపు పొట్టు వాసన, మూలన కత్తిరించని పలకల దొంతర. కర్రలు చేసే ఆయన నన్ను నిలబెట్టి నా తుంటి దాకా కొలిచాడు, దర్జీ ప్యాంటుకి కొలిచినట్టు. ఇప్పుడు ఆ చెట్లకే ఎండు తెగులు పట్టింది. 2012లో ఐర్లండ్‌లో మొదట కనబడిందట, అప్పటి నుంచి చెట్లు చచ్చిపోతున్నాయి, చెక్క బయట దేశాల నుంచి తెచ్చుకుంటున్నారు. ఆయన ఇదంతా చిత్రికపడుతూనే చెప్పాడు, తల ఎత్తలేదు.

ఇక 2018. ఆ ఏడు మార్చి మొదట్లో మంచు తుఫాను వచ్చింది. దేశమంతా రెడ్ అలర్ట్. దుకాణాల్లో బ్రెడ్డు ఒక్క ప్యాకెట్టు లేదు, జనం ఎగబడి కొనేశారు. లీగ్ మ్యాచ్‌లన్నీ వాయిదా. పెద్దాయన కిటికీ దగ్గర కూర్చుని, మంచు తనకి వ్యక్తిగతంగా ద్రోహం చేసినట్టు చూస్తుండేవాడు. ఎందుకంటే లిమరిక్‌కి మిగిలింది ఒక్క మ్యాచ్, గాల్వేతో, వాళ్లూళ్లోనే. గెలిస్తే ఇన్నేళ్లకి పైకి ఎక్కుతారు. చివరికి మంచు కరిగాక ఆడారు. నాకు ఆదివారం షిఫ్టు. క్యాంటీన్‌లో ఒక చెవిలో రేడియో పెట్టుకుని విన్నాను. అప్పటి ఛాంపియన్లయిన గాల్వేని వాళ్ల మైదానంలోనే ఓడించారు. ఫోన్ చేస్తే పెద్దాయన ఎత్తలేదు. సాయంత్రం ఇంటికెళ్తే వంటగదిలో కూర్చుని ఉన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. జలుబన్నాడు.

వారం తిరగ్గానే క్వార్టర్ ఫైనల్, పక్క కౌంటీ క్లేర్‌తో, గేలిక్ గ్రౌండ్స్‌లో. సెయింట్ పాట్రిక్ పండుగ సెలవు, సోమవారం. డెబ్బై నిమిషాలు అయ్యేసరికి సమానం. అదనపు సమయం ఆడినా తేలలేదు. చీకటి పడుతోంది. అప్పుడు 65 మీటర్ల గీత మీద బంతి పెట్టి, ఒక్కొక్కరే వచ్చి పాయింటు కొట్టాలన్నారు, ఫుట్‌బాల్ పెనాల్టీల్లా. పెద్దాయన వయసులో అలాంటిది చూడలేదట. ‘ఇది హర్లింగా, సర్కసా’ అని గొణుగుతూనే నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఒక్కో కొట్టుకీ పట్టు బిగిసేది. అక్కడా సమానమై, ఇక ఎవరు ముందు తప్పితే వాళ్లు ఔట్ అనే దాకా వెళ్లింది. లిమరిక్ గెలిచింది. ఆ రాత్రి చూసుకుంటే మోచేతి మీద నాలుగు వేళ్ల గుర్తులు. టెన్షన్ ఆయనది, కమిలింది నాకు.

సెమీస్‌లో టిప్పెరరీ చేతిలో పోయారు, లీగే కదా అనుకున్నాం. ఆగస్టులో ఛాంపియన్‌షిప్ గెలిచారు, 45 ఏళ్ల తర్వాత. దాని గురించి ఐర్లండ్‌లో అందరూ రాశారు, నేను రాయక్కర్లేదు.

2019కి నాకు పెళ్లయింది, మా ఆవిడ వచ్చింది, నదికి అవతల పక్క ఫ్లాటులోకి మారాం. మార్చి ఆఖర్లో లీగ్ ఫైనల్ డబ్లిన్ క్రోక్ పార్క్‌లో, వాటర్‌ఫర్డ్‌తో. ముగ్గురం రైల్లో వెళ్లాం. మొదటి ఐదు నిమిషాలు మా ఆవిడ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. "ఇంతలా కొట్టుకుంటుంటే ఆ తెల్లకోటు ఆయన జెండా పట్టుకుని నిలబడతాడేంటండీ, ఆపడా?" అంది. హాఫ్‌టైమ్ తర్వాత ఆవిడే లేచి నిలబడి అరుస్తోంది, తెలుగులో. లిమరిక్ 1-24, వాటర్‌ఫర్డ్ 0-19. 1997 తర్వాత లిమరిక్‌కి మళ్లీ లీగ్ కప్పు. తిరుగు ప్రయాణంలో పెద్దాయన రైలు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు, ఒళ్లో మడతపెట్టిన జెండా.

2020 లీగ్ మార్చిలో కోవిడ్‌తో ఆగిపోయింది. ఆ ఏడు రూల్స్ మళ్లీ మార్చారు, 1ఎ, 1బి సమాన గ్రూపులు చేశారు. ఎక్కడం దిగడం గోల తగ్గింది. కానీ ఫైనలే జరగలేదు. అక్టోబర్‌లో ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు లిమరిక్, క్లేర్ మొదటి మ్యాచ్ పడింది థర్ల్స్‌లో. ఎలాగూ లీగ్ రెండు గ్రూపుల్లో ఫస్ట్ వచ్చింది ఆ రెండే కాబట్టి ఈ మ్యాచ్‌నే లీగ్ ఫైనల్‌గా కూడా లెక్కేస్తామన్నారు. ఒకే టికెట్ మీద రెండు సినిమాలన్నమాట, టికెట్ మాత్రం ఎవరికీ లేదు. స్టేడియం ఖాళీ. ఆ వారమే లాక్‌డౌన్ మళ్లీ పెట్టారు, ఒకరింటికి ఒకరు వెళ్లకూడదు.

పెద్దాయన ఫోన్ చేసి స్పీకర్లో పెట్టమన్నాడు. ఆయనింట్లో ఆయన టీవీ, మా ఇంట్లో మా ల్యాప్‌టాప్. మాది నెట్ మీద కాబట్టి అర నిమిషం ఆలస్యం. దాంతో ఏమయ్యేదంటే, మా తెరమీద ఆటగాడు ఇంకా బంతి అందుకోకముందే ఫోన్లోంచి ఆయన ‘ఊ!’ అనేవాడు. ఆ ‘ఊ’ని బట్టి గోలా, పాయింటా, పక్కకి పోయిందా మాకు తెలిసిపోయేది. మా ఆవిడ నవ్వి నవ్వి ల్యాప్‌టాప్ మూసేసింది. మిగతా మ్యాచ్ అంతా ఆ ఊపిరి చప్పుళ్లలోనే చూశాం. లిమరిక్ సునాయాసంగా గెలిచింది.

"కప్పు ఇచ్చేటప్పుడు చప్పట్లు కొట్టేవాళ్లు లేరు" అన్నాడు పెద్దాయన. కాసేపాగి, "పోన్లే. లీగే కదా."

2021 జూలైలో మేం హైదరాబాద్ వచ్చేశాం. ఆ ఏడు లీగ్ గాల్వే, కిల్కెన్నీ పంచుకున్నాయి, ఫైనల్ ఆడకుండానే. కిల్కెన్నీకి అది పంతొమ్మిదోది, దాంతో టిప్పెరరీ రికార్డుతో సమానమైంది. వచ్చే ముందు పెద్దాయన ఒక హర్లీ ఇచ్చాడు, వెడల్పు చివర రేకు పట్టీ కట్టింది, పిడికి నల్ల టేపు చుట్టింది. శంషాబాద్‌లో కస్టమ్స్ అతను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటి సార్ ఇది, గరిటెనా?" అన్నాడు. ఇప్పుడది మా బాల్కనీలో ఉంటుంది. మా అబ్బాయి దాంతో క్రికెట్ ఆడతాడు. కొలిచింది నా తుంటికి కాబట్టి వాడికి గడ్డం దాకా వస్తుంది.

తర్వాత కూడా రూల్స్ మారాయి. 2025 నుంచి 1ఎలో ఏడు జట్లు, నిజంగా పై తరగతి. క్వార్టర్లు, సెమీలు ఏమీ లేవు. పైన నిలిచిన రెండు జట్లు నేరుగా ఫైనల్‌కి, అడుగున ఉన్న రెండూ 1బికి. ఆ ఏడు కప్పు కార్క్‌ది, 1998 తర్వాత మొదటిది. కానీ పెద్దాయన ఫోన్ చేసింది దాని గురించి కాదు. మార్చిలో ఒక రాత్రి పడుకోబోతుంటే మోగింది. ఎనభై దాటిన మనిషి, ఈ వేళప్పుడు ఏమైందో అని కంగారుపడి ఎత్తాను.

"క్లేర్ దిగిపోయింది!" అన్నాడు. గొంతులో ఎక్కడలేని హుషారు. "నిరుడు ఛాంపియన్‌షిప్ గెలిచినవాళ్లు, ఇప్పుడు 1బిలో! విన్నావా?"

"ఎందుకంత సంబరం? లీగే కదా" అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఎవరన్నారు ఆ మాట?" అన్నాడు.